గున్‌వీ వియ్యంకుడి ఒక్క ప్రశ్న

కొరియా వెళ్ళొచ్చామని తెలిశాక కెనడాలోని సస్కటూన్‌లో మా తెలుగువాళ్ళందరూ అడిగింది సీరియళ్ళ గురించే. ఆ హీరోలు రోడ్డు మీద కనిపించారా, ఆ నూడుల్సు తిన్నారా, మొహానికి రాసుకునే క్రీములు తెచ్చారా అని. క్రీములు తెచ్చాను, పంచేశాను కూడా. హీరోలెవరూ కనిపించలేదు. మాకు ఎక్కువగా తగిలినవాళ్ళు మా వయసువాళ్ళే, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కేవాళ్ళే. మేం వెళ్ళింది కూడా అలాంటి ఒక పెద్దమనిషిని కలవడానికే.

మా అబ్బాయి జోయెల్ మాంట్రియల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. సస్కటూన్ యూనివర్సిటీలో చదివే రోజుల్లో మిన్‌జీ అనే కొరియా అమ్మాయితో పరిచయమైంది. ఆ పిల్ల వ్యవసాయం చదవడానికి వచ్చింది. పెళ్ళి చేసుకుంటామని ఇద్దరూ అన్నప్పుడు మేం కాస్త గింజుకుని ఒప్పుకున్నాం. పిల్ల తండ్రి మాత్రం రెండేళ్ళుగా తల అడ్డంగానే ఊపుతున్నారు. కారణం అడిగితే చెప్పరు. నాన్న కాదంటే చేసుకోనని మిన్‌జీ, ఆ పిల్ల తప్ప ఇంకెవరూ వద్దని మావాడు. చివరికి మొన్న వేసవిలో ఆయన కబురు పెట్టారు. అబ్బాయి తల్లిదండ్రుల్ని రమ్మనండి, ఎదురుగా కూర్చోబెట్టి ఒక్క మాట అడగాలి, జవాబు విన్నాక చెప్తాను అని.

ఆ ఒక్క మాట ఏమిటో మిన్‌జీకి కూడా తెలియదు. విమానంలో అందరూ పడుకుంటే నేను జవాబులు తయారుచేసుకుంటూ కూర్చున్నాను. మతం గురించా? వాళ్ళ ఊళ్ళోనూ చర్చి ఉందట, పర్వాలేదు. ఒంటి రంగు గురించా? అడగనీ, ఘాటైన సమాధానమే ఇస్తాను. కూతురు ఎప్పటికీ కెనడాలోనే ఉండిపోతుందా అనా? అక్కడిదాకా వచ్చి మళ్ళీ మొదటి ప్రశ్నకే వెళ్ళాను.

సోల్: గ్రామం కింద ఏముంటుంది?

మా ఆయన కృపానందం నాకు మేనబావ. అందుకే ఇప్పటికీ బావ అనే పిలుస్తాను. కెనడా రాకముందు చీరాలలో మండల రెవెన్యూ ఆఫీసులో పనిచేశాడు. ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా ఆ చూపు వదల్లేదు. మా సస్కాచెవాన్ రాష్ట్రంలో పల్లెటూళ్ళ మునిసిపాలిటీలకి పేరుతోపాటు నంబరు కూడా ఉంటుందని తెలిసిన రోజున ఇంట్లో పండగ వాతావరణమే. సోల్‌లో దిగగానే రాజభవనాలు చూద్దామని నేనంటే, ఆయన విమానాశ్రయంలో ఊరికే ఇచ్చిన మ్యాపు విప్పుకుని మెట్రో రైల్లో కూర్చున్నాడు.

"చూడవే సుజాతా, ఈ సోల్ ఏ రాష్ట్రంలోనూ లేదు. ఇది స్పెషల్ సిటీ. బూసాన్, డేగు లాంటివి కూడా రాష్ట్రంతో సమానం. మిగతా దేశమంతా దోలు. దో అంటే మన రాష్ట్రం అనుకో. దాని కింద గున్, అది మన జిల్లాకి తమ్ముడు. గున్ కింద మ్యన్, అచ్చం మన మండలమే. దాని కింద రీ, అంటే గ్రామం."

"గ్రామం కింద?" అన్నాను.

"గ్రామం కింద ఏముంటుంది, ఇళ్ళుంటాయి."

అక్కడితో ఆగాడు. మా వైపు గ్రామం కింద ఇంకో గీత ఉంటుంది. ఊరు వేరు, పల్లె వేరు. ఊరంటే పెద్ద కులాలవాళ్ళ ఇళ్ళు, పల్లె అంటే కాలవ అవతల మా ఇళ్ళు. బావ ఆఫీసు గోడ మీద వేలాడిన మ్యాపులో ఆ గీత లేదు గానీ, చూడ్డానికి వచ్చిన ప్రతివాడి బుర్రలోనూ ఉంది. మేమిద్దరం పుట్టింది ఆ పల్లెలోనే. సస్కటూన్‌లో కొత్తగా తెలుగువాళ్ళెవరైనా పరిచయమైతే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?" చీరాల అంటాను. రెండోది "చీరాలలో ఎక్కడండీ?" మూడోది ఇంటిపేరు. మూడోది రాకముందే నేను టీ పెట్టడానికి లేస్తాను. ఈ విషయంలో నా టీకి మంచి పేరే ఉంది.

మేం దిగిన బస యజమానురాలు అరవై దాటిన మనిషి. పొద్దున్నే అన్నంతో పాటు తియ్యగా వేయించిన నెత్తళ్ళు పెట్టింది. చీరాల సముద్రపు నెత్తళ్ళు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది గానీ, ఎండుచేపలో పంచదార పోసే చెయ్యి ఎలా వస్తుందో నాకర్థం కాలేదు. వాళ్ళ కారం ముద్దలోనూ తీపే. బావ జేబులోంచి కారప్పొడి పొట్లం తీసి ఆమెకి కాస్త రుచి చూపించాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, నవ్వి, ఇంకొంచెం అడిగింది.

నా మెడలో శిలువ చూసి ఆమె మర్నాడు చీకటి ఉండగానే మమ్మల్ని లేపి, సందు చివర చర్చికి తీసుకెళ్ళింది. వాళ్ళకి రోజూ తెల్లవారుజామున ప్రార్థన ఉంటుంది. పాస్టరు ఒక మాట అనగానే అందరూ ఒక్కసారిగా ఎవరి ప్రార్థన వాళ్ళు గొంతెత్తి మొదలుపెట్టారు. సస్కటూన్‌లో మేం వెళ్ళే తెల్లవాళ్ళ చర్చిలో దేవుడు నిద్రపోతున్నాడేమో అన్నంత మెల్లగా ప్రార్థిస్తారు. ఇక్కడ మాత్రం మా ఉపవాస ప్రార్థన కూడికే. నేను తెలుగులో గట్టిగా ఏడ్చి మరీ ప్రార్థించాను. ఆయన అడగబోయే మాటకి జవాబు నాకివ్వు ప్రభువా అని. పక్కనున్న ముసలావిడ నా భాష తెలియకపోయినా ఆమెన్ అంది.

ఆ మధ్యాహ్నం పళ్ళు కొన్నాం. సంబంధం మాట్లాడ్డానికి వట్టి చేతులతో వెళ్తామా? పెద్ద దుకాణంలో యాపిల్ పళ్ళని నగల్లా పెట్టెల్లో పేర్చి పెట్టారు. ఒక్క పండు ధరకి సస్కటూన్‌లో సంచీడు వస్తాయి. బావ ధర చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. పెట్టెల్లోకెల్లా పెద్ద పెట్టె నేనే పట్టుబట్టి కొన్నాను. కొట్టు అమ్మాయి దాన్ని గులాబీరంగు గుడ్డలో మూటకట్టి రెండు చేతులతో అందించింది. పెట్టె మీద ఏం రాసుందో మాకు చదవడం రాదు.

సెజాంగ్: పొలం మీద రాజధాని

మధ్యలో సెజాంగ్‌లో ఆగుదామన్నది బావ పట్టుదల. దేశంలో సగం ప్రభుత్వ కార్యాలయాల్ని సోల్ నుంచి తరలించడానికి ఖాళీ పొలాల్లో కట్టిన నగరం అది. అంతకుముందు యొన్‌గీ అనే గున్ ఉండేది. ఇప్పుడా పేరుతో గున్ లేదు. ఆఫీసు భవనాలన్నీ ఒకదానికొకటి కలిపి, కప్పుల మీద తోట పెంచారు. పాములాగా మెలికలు తిరుగుతూ ఎంతో దూరం పోతుంది ఆ తోట. మంత్రిగారి నెత్తిమీద మనం షికారు చేస్తున్నామని బావ మురిసిపోయాడు.

కింద చెరువు ఒడ్డున ఒక ముసలాయన చేపల కోసం గేలం వేసుక్కూర్చున్నాడు. ఫోనులో అనువాదం పెట్టుకుని బావ పలకరించాడు. ఆయన చేత్తో లైబ్రరీ వైపు చూపించి ఏదో అన్నాడు. ఫోను చెప్పింది: మా వరిపొలం దాని కిందే ఉంది. బాధగా ఉందా అని బావ అడిగాడు. డబ్బులిచ్చారు, లైబ్రరీలో చలికాలం వెచ్చగా ఉంటుంది, అన్నాడాయన. కానీ ఎక్కడివాడివని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు, అన్నాడు.

బస్సెక్కాక బావ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కొత్త రాజధాని అంటే మా ఆంధ్రావాళ్ళకి ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

డేగు: వంగడం నేర్చుకున్నాం

డేగు స్టేషన్లో జోయెల్, మిన్‌జీ ఎదురొచ్చారు. మిన్‌జీ నన్ను ఆంటీ అనే పిలుస్తుంది, బావని అంకుల్ అంటుంది. సాయంత్రం బజారులో సేమ్యా కూరిన పల్చటి అప్పాలు పెనం మీద వేడివేడిగా కాల్చి ఇచ్చారు, టీ ఖర్చంత ధర. అవి తింటూనే మాకు పాఠాలు చెప్పింది. పెద్దవాళ్ళకి రెండు చేతులతోనే ఇవ్వాలి, రెండు చేతులతోనే పుచ్చుకోవాలి. పెద్దాయన చెంచా ఎత్తేదాకా మనం ఎత్తకూడదు. నడుం వంచి దండం పెట్టాలి. మొదటి రెండూ మన దగ్గరా ఉన్నవే. మూడోది చేస్తుంటే బావ నడుం పట్టేసింది.

"అమ్మా, ప్లీజ్, అక్కడ ఆర్గ్యూ చేయకు," అన్నాడు జోయెల్.

"నేనెప్పుడు ఆర్గ్యూ చేశాన్రా?"

"నౌ. యూ ఆర్ డూయింగ్ ఇట్ నౌ."

వాడు నవ్వుతున్నాడు గానీ తిండి ముట్టలేదు. మావాడు తిండి దగ్గర ఆగాడంటే లోపల ఎంత దిగులుందో తల్లికి తెలియదా? రేపు ఆయన కాదంటే వీడేమవుతాడో అని నా అప్పం కూడా బావ ప్లేటులో పెట్టేశాను.

మాటల్లో మిన్‌జీ ఒక సంగతి చెప్పింది. గున్‌వీ అనే వాళ్ళ గున్ మొన్నమొన్నటిదాకా ఉత్తర గ్యంగ్సాంగ్ అనే దోలో ఉండేదట. రెండు మూడేళ్ళ క్రితం దాన్ని తీసి డేగు నగరంలో కలిపారట. యాపిల్ తోటలు, ఆవుల కొట్టాలు, గుట్టలు, అన్నీ ఇప్పుడు మహానగరమే. బావ ముఖం వెలిగిపోయింది. "రేపు నాకు మాట్లాడ్డానికి సబ్జెక్టు దొరికింది," అన్నాడు.

గున్‌వీ: పళ్ళ తోటకి పళ్ళు

కొండల మధ్య సన్నటి లోయ. రోడ్డుకి రెండువైపులా ఎర్రగా విరగకాసిన యాపిల్ చెట్లు. సస్కాచెవాన్‌లో చూపు ఆగడానికి ఏమీ దొరకదు, ఇక్కడ ఎటు చూసినా కొండ అడ్డం. మిన్‌జీ నాన్న కిమ్ గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఎండకి కమిలిన ముఖం, ఇస్త్రీ చేసిన కోటు. పక్కన వాళ్ళావిడ. అరుగు మీద ఎండలో తొంభై ఏళ్ళ నానమ్మ, కిమ్ గారి తల్లి, కూర్చుని రేగుపళ్ళకి పెద్దన్నల్లాంటి పళ్ళు చాటలో ఆరబోస్తోంది. ఆమెకి చెవులు సరిగా వినిపించవు.

వంగి, రెండు చేతులతో, మా గులాబీరంగు మూట అందించాం. మిన్‌జీ వాళ్ళమ్మ విప్పి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మిన్‌జీ పెట్టె మీది అక్షరాలు చదివి పడీపడీ నవ్వింది. ఆ పళ్ళు గున్‌వీ తోటలవే. గుంటూరుకి మిరపకాయలు మోసుకెళ్ళినట్టు, ఆ ఊరి పళ్ళు సోల్‌లో పదింతల ధరకి కొని ఆ ఊరికే మోసుకొచ్చాం. కిమ్ గారు ఒక పండు తీసి అటూ ఇటూ తిప్పి చూసి ఏదో అన్నారు. "మా చెట్టువి ఇంతకన్నా బాగుంటాయంటున్నారు నాన్న," అంది మిన్‌జీ. నేను చూసిన మొదటి నవ్వు అప్పుడే వచ్చింది ఆయన ముఖంలోకి.

భోజనం నేల మీదే, పొట్టి బల్ల చుట్టూ. నేల కింద నుంచి వెచ్చదనం వస్తోంది. ఆకుకూరలు, గుమ్మడి, చేప, మాంసం, చిన్న చిన్న గిన్నెలు లెక్కలేనన్ని. బావ కాళ్ళు మడవలేక ఒక కాలు చాపాడు, అది తిమ్మిరెక్కి లాక్కోబోతే గిన్నె ఒకటి దొర్లింది. అందరూ చూడనట్టు నటించారు.

బావ తన సబ్జెక్టు ఎత్తాడు. "మేమూ అంతేనండీ. పుట్టింది గుంటూరు జిల్లాలో. బడికెళ్ళేసరికి అది ప్రకాశం జిల్లా. ఇప్పుడు బాపట్ల జిల్లా. మా ఇల్లయితే కదల్లేదు."

మిన్‌జీ చెప్పింది విని కిమ్ గారు బల్ల మీద అరచేత్తో చరిచారు. "నేనూ కదల్లేదు, నా చెట్లూ కదల్లేదు. ఒకరోజు పొద్దున లేస్తే నగరవాసిని అయిపోయాను. ఆవుపేడ మాత్రం నిన్నటిదే," అన్నారు. ఇద్దరూ ఒకరికొకరు మందు పోసుకుని తాగారు. బావది బార్లీ నీళ్ళే అనుకోండి. ఇక గండం గడిచింది అనుకున్నాను నేను.

అప్పుడాయన చెంచా కింద పెట్టి, కోటు సర్దుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నారు. జోయెల్ కూడా గబగబా అలాగే కూర్చున్నాడు. ఆయన ఒక్క వాక్యం అన్నారు. మిన్‌జీ తండ్రి వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"మీ ఇంటిపేరు వాళ్ళ మూలం ఏ ఊరు అని అడుగుతున్నారు, ఆంటీ. మాకు ప్రతి ఇంటిపేరుకీ ఒక మూలం ఊరు ఉంటుంది. సంబంధం కలుపుకునే ముందు అడుగుతారు."

బావ జంకుతూ, "చీరాల అని చెప్పు, బాపట్ల..." అన్నాడు. కిమ్ గారు తల అడ్డంగా ఊపారు. జిల్లా ఆఫీసు ఎక్కడుందని కాదు, మనుషులు ఎక్కడినుంచి మొదలయ్యారని, అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సముద్రాలు దాటి వచ్చినా అదే ప్రశ్న. అది కూడా యాపిల్ తోటలో. ఇక్కడ టీ వంకతో లేచి వెళ్దామంటే నాకు వంటిల్లు కూడా లేదు. "ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పమను," అన్నాను. జోయెల్ "అమ్మా" అన్నాడు. నేను వాడి వైపు చూడలేదు.

మిన్‌జీ మెల్లగా అడిగింది. కిమ్ గారు చెప్పడం మొదలుపెట్టారు. మిన్‌జీ ఒక్కో మాటా ఇంగ్లీషులోకి తెస్తూ వచ్చింది. ఆ సంగతి ఆ పిల్లా అప్పుడే వింటోంది.

"మాది గిమ్హే కిమ్ వంశమని అందరికీ చెప్తాను. గిమ్హే నేనెప్పుడూ చూడలేదు. మా తాత తండ్రి ఒక పెద్దింట్లో పుట్టుబానిస. బానిసల్ని విడిచిపెట్టినప్పుడు ఆయనకి ఇంటిపేరే లేదు. యజమాని ఇంటిపేరే పెట్టుకున్నాడు, వాళ్ళ మూలం ఊరే చెప్పుకున్నాడు. వయసులో ఉండగా ఒక అమ్మాయిని చేసుకోవాలనుకున్నాను. వాళ్ళ పెద్దాయన, మీరు ఆ వంశంలో ఏ శాఖ అని అడిగాడు. నాకు తెలియలేదు. అంతటితో అయిపోయింది. ఇండియాలో పుట్టుకని బట్టి మనుషుల్ని పైకీ కిందికీ పెడతారని విన్నాను. మీరు పైవాళ్ళయితే రేపు ఈ సంగతి తెలిసి నా కూతుర్ని తక్కువగా చూస్తారు. అంత దూరంలో దాని తరఫున మాట్లాడ్డానికి నేనుండను. అందుకే రెండేళ్ళు ఒప్పుకోలేదు. మీరు ఎక్కడివాళ్ళో నిజం చెప్పండి."

రెండేళ్ళుగా మేం ఆయనకి తక్కువగా కనిపిస్తున్నామేమో అని నేను కుమిలిపోయాను. ఆయన భయపడింది మేం ఎక్కువవాళ్ళమేమో అని. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, రెండూ ఆపుకోలేదు.

"చెప్పమ్మా, నాన్నగారికి చెప్పు," అన్నాను. "చీరాల అనేది మేం రైలెక్కే స్టేషను. మాది ఊరు కాదు, ఊరి బయట పల్లె. మా ముత్తాతలు ఊరి బావిలో నీళ్ళు తోడుకోకూడదు, చెప్పులేసుకుని ఊళ్ళో నడవకూడదు. మా ఇంటిపేరు కూడా ఎవరో పెత్తందారు ఊరిదే. మా అసలు చోటు ఉప్పుమిట్ట పల్లె."

"ఉప్పుమిట్ట," అన్నాడు జోయెల్, కొత్త మాట నేర్చుకున్నట్టు. "యూ నెవర్ టోల్డ్ మీ, అమ్మా." బావ వాడి వీపు మీద చెయ్యి వేశాడు.

కిమ్ గారు ఆ పేరు ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. లేచి, అరుగు వైపు తలుపు జరిపి, వినపడని తల్లికి గొంతు చించుకుని చెప్పారు. ఉప్పుమిత్త. ఆమె ఏమిటన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఆయన మళ్ళీ అరిచారు, మళ్ళీ అరిచారు. పక్క తోటలో పళ్ళు కోసేవాళ్ళు తలలెత్తి చూశారు. మా పల్లె పేరు అంత గట్టిగా ఎవరైనా అనడం నేనెన్నడూ వినలేదు. మేమే గొంతు తగ్గించి అనేవాళ్ళం.

నానమ్మకి చివరికి వినపడింది. తల ఊపి, చాటలోంచి దోసెడు పళ్ళు తీసి, లోపల ఉన్న నా వైపు చెయ్యి చాపి పిలిచింది.

"ఉప్పుమిత్త దెక్."

"ఆంటీ, మిమ్మల్నే," అంది మిన్‌జీ, కళ్ళు తుడుచుకుంటూ. "మా ఊళ్ళో పెళ్ళయిన ఆడవాళ్ళని పేరు పెట్టి పిలవరు. పుట్టింటి ఊరి పేరుకి దెక్ అని చేర్చి పిలుస్తారు. అది గౌరవం. ఇంట్లో మనిషి అనుకున్నవాళ్ళనే అలా పిలుస్తారు."

"అంటే ఒప్పుకున్నట్టేనా?" అని బావ నెమ్మదిగా అడిగాడు. కిమ్ గారు జవాబు చెప్పకుండా జోయెల్ ముందున్న ఖాళీ గిన్నెలో తన చేత్తో అన్నం పెడుతున్నారు.

బయట నానమ్మ మళ్ళీ అదే పేరుతో పిలిచింది, ఈసారి కాస్త విసుగ్గా. ఆ పేరుతో పిలిస్తే పలకడం నా జన్మలో అదే మొదటిసారి. "ఆఁ, వస్తున్నానమ్మా," అని తెలుగులోనే అంటూ లేచాను.